భూమి వేగంగా తిరుగుతోందా, నెమ్మదిస్తోందా? గడియారంలోంచి ఒక సెకను తీసేస్తారా?

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: "భూమి వేగం పెరిగింది, రోజు 24 గంటల కంటే తగ్గింది అని వార్తల్లో వస్తోంది. చంద్రుడి వల్ల భూమి నెమ్మదిస్తోందని కదా చదువుకున్నాం? రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయి? పైగా గడియారాల్లోంచి ఒక సెకను తీసేస్తారట. దానివల్ల మనకేమైనా అవుతుందా?"

రెండూ నిజమే. వేల ఏళ్ల లెక్కలో చూస్తే భూమి నెమ్మదిస్తూనే ఉంది. గత కొన్నేళ్లుగా మాత్రం కాస్త చురుగ్గా తిరుగుతోంది. ఎంత చురుగ్గా అంటే, 2024 జులై 5న రోజు 24 గంటల కంటే 1.66 మిల్లీసెకన్లు తక్కువైంది. మీరు ఒకసారి రెప్ప వేసి తెరవడానికి పట్టే సమయంలో ఇది వందో వంతు ఉంటుందేమో. ఇక సెకను తీసేయడం అనేది ఇప్పటిదాకా ఒక్కసారి కూడా జరగలేదు. జరుగుతుందని ఖాయమూ కాదు. ఒకవేళ జరిగినా మీకు తెలియదు. మాలాంటివాళ్లకే ఆ రాత్రి నిద్ర ఉండదు.

మాలాంటివాళ్లు అంటే సర్వర్ల గడియారాలు చూసుకునేవాళ్లు. ఇరవై ఏళ్లుగా నా పనిలో ఇదొక భాగం: వేల యంత్రాలన్నీ ఒకే టైమ్ చూపిస్తున్నాయా, ఏదైనా వెనకబడుతోందా అని చూస్తూ ఉండటం. నేను ఖగోళ శాస్త్రవేత్తను కాను. ఒకే ఒక్క సెకను మా టీమ్ మొత్తాన్ని ఒక రోజంతా ఏడిపించాక (ఆ కథ కింద చెప్తాను), అసలీ సెకను ఎక్కణ్ణుంచి ఊడిపడిందో కనుక్కుందామని చదవడం మొదలుపెట్టాను. అది ఇంకా ఆగలేదు.

ముందు, 24 గంటలు అన్నది దేని పొడవు?

ఇక్కడే చాలామంది తికమక పడతారు. భూమి తన చుట్టూ తాను ఒక్క చుట్టు తిరగడానికి పట్టేది 24 గంటలు కాదు, 23 గంటల 56 నిమిషాల 4 సెకన్లు. నక్షత్రాలను గుర్తుగా పెట్టుకుని కొలిస్తే వచ్చే లెక్క అది. ఆ చుట్టు పూర్తయ్యేలోపు భూమి సూర్యుడి చుట్టూ కూడా కొంచెం ముందుకు జరిగిపోయి ఉంటుంది కాబట్టి, సూర్యుడు మళ్లీ నడినెత్తికి రావాలంటే ఇంకో నాలుగు నిమిషాలు తిరగాలి. అప్పుడు 24 గంటలు.

అది కూడా సగటు లెక్కే. ఈ మధ్యాహ్నం నుంచి రేపటి మధ్యాహ్నానికి నిజంగా కొలిస్తే డిసెంబరు చివర్లో 24 గంటల మీద దాదాపు 30 సెకన్లు ఎక్కువ వస్తుంది, సెప్టెంబరులో 20 సెకన్లకు పైగా తక్కువ వస్తుంది. భూమి కక్ష్య కోడిగుడ్డులా సాగి ఉండటం, అక్షం వాలి ఉండటం దీనికి కారణం. ఇది ఏటా వచ్చేదే, దీనికీ మీరు అడిగినదానికీ సంబంధం లేదు. ఎండగడియారానికీ చేతి వాచీకీ నవంబరు మొదట్లో 16 నిమిషాల దాకా తేడా రావడం కూడా ఇందువల్లే.

వార్తల్లో చెప్పే 1.66 మిల్లీసెకన్లు ఈ తేడాలన్నీ పక్కన పెట్టి, కేవలం భూమి తిరిగే వేగంలో వచ్చిన మార్పు. లీప్ సంవత్సరానికీ దీనికీ కూడా చుట్టరికం లేదు. అది భూమి సూర్యుడి చుట్టూ తిరగడానికి సంబంధించిన సర్దుబాటు, ఇది తన చుట్టూ తాను తిరగడానికి సంబంధించినది.

మన సెకను పాత కొలతలకు కుట్టిన చొక్కా

సరే, రోజు తగ్గిందంటున్నారు. దేంతో పోలిస్తే తగ్గింది? ఇది అడగాల్సిన ప్రశ్న. చాలా వార్తలు దీన్ని అడగకుండానే వదిలేస్తాయి.

మొదట్లో సెకను అంటే రోజులో 86,400వ వంతు, అంతే. మన పాత లెక్కలో రోజుకు 60 గడియలు ఉన్నట్టే (గడియారం అన్న మాటలో ఆ గడియ ఇంకా కూర్చునే ఉంది), రోజును ముక్కలు చేస్తే వచ్చేదే సెకను. రోజు పొడవు మారదనే నమ్మకం మీద నడిచిన లెక్క ఇది. అది మారుతోందని తేలాక, మారే దాన్ని కొలబద్దగా పెట్టుకోవడం కుదరదు కదా. అందుకని 1960లో సెకనును సంవత్సరం పొడవుకు ముడిపెట్టారు: 1900 నాటి సంవత్సరంలో 3,15,56,925.9747వ వంతు అన్నారు. ఆ సంఖ్య సైమన్ న్యూకంబ్ అనే ఖగోళవేత్త 19వ శతాబ్దం చివర్లో వేసిన సూర్యుడి పట్టికల్లోంచి వచ్చింది. ఆయన పట్టికలకు ఆధారం 18, 19 శతాబ్దాల్లో తీసిన కొలతలు.

ఈలోగా 1955లో ఇంగ్లండ్‌లోని నేషనల్ ఫిజికల్ లాబొరేటరీలో లూయీ ఎసెన్, జాక్ పారీ నమ్మదగ్గ మొట్టమొదటి సీజియం గడియారం చేశారు. సీజియం పరమాణువులో ఒక రకమైన కంపనం ఉంటుంది. దానికి వాతావరణంతో పని లేదు, చంద్రుడితో పని లేదు. అమెరికా నావల్ అబ్జర్వేటరీకి చెందిన మార్కోవిట్జ్‌తో కలిసి ఎసెన్ మూడేళ్ల పాటు, ఆకాశంలో చంద్రుడి కదలికతో ఆ గడియారాన్ని పోల్చి చూశారు. ఒక సెకనుకు 919,26,31,770 కంపనాలు, 20 అటూ ఇటూగా, అని తేల్చారు. 1967లో అదే సంఖ్య సెకనుకు అధికారిక నిర్వచనం అయింది. ఆ "20 అటూ ఇటూ" మాత్రం ఎగిరిపోయింది. నిర్వచనానికి అటూ ఇటూ ఉండదు మరి.

దీని ఫలితం ఏమిటంటే, అత్యాధునికమైన మన అటామిక్ సెకను నిజానికి సుమారు 1820 నాటి రోజుకు సరిపోయే సెకను. అప్పటి ఒంటికి కొలతలు తీసి కుట్టిన చొక్కా అన్నమాట. ఆ తర్వాత ఒళ్లు కొంచెం పెరిగింది. రోజు ఒకటి రెండు మిల్లీసెకన్లు పొడుగైంది. చొక్కా మాత్రం అదే. ఇప్పుడు "రోజు 24 గంటల కంటే తగ్గింది" అంటున్నారంటే, ఒళ్లు మళ్లీ ఆ పాత చొక్కాకు పట్టేంత అయిందని అర్థం. అంతకు మించి ఏమీ లేదు.

భూమి నెమ్మదిస్తోందని ఎలా తెలుసు?

నాకు ఎంతో ఇష్టమైన భాగం ఇది, కాస్త ఓపిక పట్టండి.

క్రీస్తు పూర్వం 136వ సంవత్సరం, ఏప్రిల్ 15. బాబిలోన్‌లో సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది. అక్కడి ఖగోళ లేఖకులు దాన్ని తడి మట్టి పలక మీద గీతలు గీసి రాసుకున్నారు. ఆ పలక ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. సూర్యోదయం అయ్యాక 24 డిగ్రీలకు గ్రహణం అని రాశారు. వాళ్ల లెక్కలో డిగ్రీ అంటే 4 నిమిషాలు, అంటే 96 నిమిషాలు. శుక్రుడు కనిపించాడు, బుధుడు కనిపించాడు, నక్షత్రాలు కనిపించాయి, ఆ రోజుల్లో సూర్యుడి వెలుగులో కలిసిపోయి కనిపించకుండా ఉన్న గురుడూ కుజుడూ కూడా కనిపించారు అని వరసగా రాశారు. చీకటి పడిన ఆ కాసేపట్లో ఆకాశమంతా లెక్కపెట్టి రాసుకున్న ఆ మనిషిని తలుచుకుంటే, అర్ధరాత్రి లాగ్‌లు (ఏ క్షణాన ఏం జరిగిందో రాసే చిట్టాలు) రాసుకునే నా పని గుర్తొస్తుంది నాకు.

ఇప్పుడు కంప్యూటర్‌లో ఆ గ్రహణాన్ని వెనక్కి లెక్కకట్టండి. సూర్యుడు, చంద్రుడు ఎక్కడెక్కడ ఉన్నారో కచ్చితంగా వస్తుంది. భూమి ఎప్పుడూ ఇప్పటి వేగంతోనే తిరిగిందనుకుంటే మాత్రం గ్రహణపు నీడ బాబిలోన్ మీద పడదు. దాదాపు 49 డిగ్రీలు పడమరగా పడుతుంది. పలక అబద్ధం చెప్పదు కాబట్టి, తప్పు మన ఊహలో ఉంది. భూమి అప్పట్లో కొంచెం వేగంగా తిరిగేది.

ఎంత వేగంగా? ఇక్కడి నుంచి కాగితం మీద వేసి చూసుకోవచ్చు. 49 డిగ్రీలంటే సుమారు మూడుంపావు గంటలు, అంటే 11,700 సెకన్లు. అప్పటి నుంచి ఇప్పటికి దాదాపు 7 లక్షల 90 వేల రోజులు. భాగిస్తే రోజుకు సగటున 15 మిల్లీసెకన్లు. రోజుకు 15 మిల్లీసెకన్లే, కానీ రెండు వేల ఏళ్లలో పోగుపడి గ్రహణాన్ని ఒక ఖండం నుంచి ఇంకో ఖండానికి జరిపేసింది.

స్టీఫెన్‌సన్, మారిసన్, హోహెన్‌కెర్క్ అనే ముగ్గురు ఇలాంటి గ్రహణాల రికార్డులను క్రీస్తు పూర్వం 720 నుంచి పోగుచేసి 2016లో ఒక పెద్ద పరిశోధన ప్రచురించారు. బాబిలోన్, చైనా, గ్రీకు, అరబ్బు రికార్డులన్నీ కలిపితే తేలింది: రోజు శతాబ్దానికి సుమారు 1.8 మిల్లీసెకన్ల చొప్పున పెరుగుతోంది.

కారణం ప్రధానంగా చంద్రుడే. చంద్రుడి ఆకర్షణకు సముద్రం ఉబ్బుతుంది. భూమి చంద్రుడి కంటే వేగంగా తిరుగుతోంది కాబట్టి ఆ ఉబ్బును తనతో పాటు కాస్త ముందుకు లాక్కుపోతుంది. ఆ నీళ్లు సముద్రం అడుగున, తీరాల దగ్గర రాసుకుంటాయి, భూమికి బ్రేకు పడుతుంది. భూమి పోగొట్టుకున్నది చంద్రుడికి చేరుతుంది, ఆయన ఏడాదికి 3.8 సెంటీమీటర్లు దూరం జరుగుతాడు. ఇది ఊహ కాదు. అపోలో యాత్రికులు అక్కడ పెట్టివచ్చిన అద్దాల మీదికి లేజర్ కొట్టి, అది తిరిగి వచ్చే సమయాన్ని బట్టి కొలుస్తున్నారు. ఆటుపోట్లు భూమిని నెమ్మదింపజేయవచ్చని ఇమ్మాన్యుయెల్ కాంట్ 1754లోనే రాశాడు. అవును, ఆ తత్వవేత్త కాంటే.

ఇంకా వెనక్కి వెళ్లాలంటే మనుషుల రికార్డులు చాలవు. పగడాలు కావాలి. పగడం రోజుకొక సన్నటి గీత చొప్పున పెరుగుతుంది, రుతువులను బట్టి ఏడాదికొక పెద్ద మడత పడుతుంది. 1963లో జాన్ వెల్స్ అనే శాస్త్రవేత్త దాదాపు 38 కోట్ల ఏళ్ల నాటి పగడపు శిలాజాల మీద ఒక్కో మడతలో ఎన్ని గీతలున్నాయో భూతద్దం పెట్టి లెక్కపెట్టాడు. సుమారు 400 వచ్చాయి. ఏడాది పొడవు అప్పటికీ ఇప్పటికీ ఒకటే, 8,766 గంటలు. దాన్ని 400 రోజులకు పంచితే రోజుకు 22 గంటల కంటే కొంచెం తక్కువ.

"మరి 25 గంటల రోజు ఎప్పుడొస్తుంది?" అని ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. ఇదే వేగంతో అయితే ఇంకో 20 కోట్ల ఏళ్లు పడుతుంది. పనులు పెండింగ్ పెట్టుకోకండి.

మరి ఇప్పుడు వేగం ఎందుకు పెరిగింది?

చంద్రుడి బ్రేకు పడుతూనే ఉంది. దాని మీద వేరే ఊగిసలాటలు ఉన్నాయి, అవి ఒక్కో దశాబ్దంలో చంద్రుణ్ణి మించిపోతాయి.

భూమి ఒకే ముద్ద కాదు. లోపల కరిగిన ఇనుము ఉంది, పైన గట్టి పొర ఉంది, ఆ పైన సముద్రం, గాలి ఉన్నాయి. మొత్తం తిరుగుడు స్థిరంగా ఉన్నా, ఒకటి కొంచెం నెమ్మదిస్తే ఇంకొకటి ఆ మేరకు వేగం పుంజుకుంటుంది. గాలి సంగతే చూడండి: పడమటి గాలులు బలపడితే నేల అంత మేరకు నెమ్మదిస్తుంది. ఎల్ నినో వచ్చిన ఏడాది రోజు కొంచెం పొడుగవుతుంది. ఏటా జులై, ఆగస్టుల్లో రోజులు పొట్టిగా ఉంటాయి. అందుకే ఈ "అతి చిన్న రోజు" వార్తలు ఏటా మామిడిపళ్లు వెళ్లిపోయాక వస్తాయి. ఇది కాక, చంద్రుడు భూమధ్యరేఖకు బాగా పైకో కిందికో వెళ్లిన రోజుల్లో ఇంకొంచెం పొట్టి. 2025లో జులై 9, 22, ఆగస్టు 5 అని తేదీలు ముందే చెప్పగలిగింది ఈ చంద్రుడి లెక్కతోనే.

దశాబ్దాల స్థాయి మార్పు మాత్రం లోపలి కరిగిన గర్భంతో ముడిపడి ఉంది. అది నెమ్మదిస్తోంది, దాని వేగం పైపొరకు వస్తోంది. 1970ల మొదట్లో రోజు 24 గంటల మీద దాదాపు 3 మిల్లీసెకన్లు ఎక్కువ ఉండేది. ఇప్పుడు సున్నాకు అటూ ఇటూగా ఉంది.

దీనికి ఎదురు లాగుతున్నది ఇంకొకటి ఉంది, మంచు. తిరిగే కుర్చీలో కూర్చుని, ఎవరినైనా ఒక తిప్పు తిప్పమని, చేతులు దగ్గరకు ముడిచి, తర్వాత బారజాపి చూడండి. చాపగానే కుర్చీ నెమ్మదిస్తుంది. గ్రీన్‌లాండ్, అంటార్కిటికాల్లో మంచు కరిగితే, ధ్రువాల దగ్గర, అంటే ఇరుసు దగ్గర ఉన్న బరువు నీళ్లై భూమధ్యరేఖ వైపు పరుచుకుంటుంది. భూమి చేతులు చాపినట్టే. 2024లో డంకన్ ఆగ్న్యూ అనే భూభౌతిక శాస్త్రవేత్త వేసిన లెక్క ఇది: మంచు ఇంత కరగకపోయి ఉంటే 2026కే ఒక సెకను తీసేయాల్సి వచ్చేది, కరగడం వల్ల అది 2029కి వాయిదా పడింది. ఇది అంచనానే, గర్భం మనసు మార్చుకుంటే ఇదీ మారుతుంది. అయినా, మనం వదిలే పొగ మన గడియారాల దాకా వచ్చిందన్న మాట నన్ను కొంచెం సేపు కుదురుగా ఉండనివ్వలేదు.

భూకంపాల గురించీ అడుగుతుంటారు. 2004 సుమత్రా భూకంపం రోజును 2.68 మైక్రోసెకన్లు తగ్గించిందని నాసా శాస్త్రవేత్తలు లెక్కకట్టారు. మైక్రో, మిల్లీ కాదు. గాలుల వల్ల వచ్చే మార్పు ముందు ఇది కనిపించనంత చిన్నది.

ఇదంతా ఎలా కొలుస్తారంటే, వేర్వేరు ఖండాల్లో ఉన్న రేడియో యాంటెనాలను ఒకేసారి క్వేజార్ల (చాలా దూరంలో ప్రకాశించే గెలాక్సీ కేంద్రాల) మీదికి గురిపెడతారు. అవి వందల కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉంటాయి కాబట్టి కదలని మేకుల్లాంటివి. ఆ సంకేతం ఏ యాంటెనాకు ఎంత ముందు చేరిందో చూస్తే, భూమి ఏ కోణంలో ఉందో తెలుస్తుంది. భూమధ్యరేఖ దగ్గర నేల సెకనుకు 465 మీటర్లు కదులుతుంది. ఒక మిల్లీసెకను అంటే 46 సెంటీమీటర్లు. అలా చూస్తే అంత చిన్నదిగా అనిపించదు.

లీప్ సెకను: ఎక్కువమంది తప్పుగా అర్థం చేసుకునేది

1972 నుంచి ఇప్పటికి 27 సార్లు ప్రపంచ గడియారాలకు ఒక్కో సెకను కలిపారు. వీటినే లీప్ సెకన్లంటారు. "అంటే భూమి యాభై ఏళ్లలో 27 సెకన్లు నెమ్మదించిందా!" అని చాలామంది గుండెలు బాదుకుంటారు. కాదు. మీ వాచీ రోజుకు ఒక నిమిషం వెనకబడుతుందనుకోండి. నెలకొకసారి అరగంట ముందుకు తిప్పుతారు. నెలనెలా తిప్పుతున్నారంటే వాచీ నానాటికీ నెమ్మదిస్తోందని కాదు, అదే నిమిషం పోగుపడుతోందని. రోజుకు 2 మిల్లీసెకన్ల తేడా ఉంటే 500 రోజులకు ఒక సెకను అవుతుంది. అదీ సంగతి.

భూమి గడియారానికీ అటామిక్ గడియారానికీ తేడా 0.9 సెకను దాటకూడదన్నది నియమం. పారిస్ అబ్జర్వేటరీలో ఉండే ఒక విభాగం దీన్ని చూసుకుంటుంది, ఆరు నెలల ముందు ప్రకటిస్తుంది. కలిపేది జూన్ 30నో డిసెంబరు 31నో, యూటీసీ (ప్రపంచమంతా ప్రామాణికంగా పెట్టుకున్న టైమ్) అర్ధరాత్రి. ఆ నిమిషంలో 61 సెకన్లుంటాయి: 23:59:59 తర్వాత 23:59:60, ఆ తర్వాతే 00:00:00. 1970లలో దాదాపు ఏటా కలిపారు. 1999 నుంచి 2005 చివరి దాకా ఒక్కటీ అవసరం రాలేదు. చివరిది 2016 డిసెంబరు 31న. ఆ తర్వాత ఇప్పటిదాకా లేదు, భూమి చురుకైంది కదా.

నన్ను ఏడిపించిన సెకను

నా సర్వీసులో ఐదు లీప్ సెకన్లు చూశాను. 2005లో కొత్తగా చేరాను, అలాంటిదొకటి వచ్చి వెళ్లిందని వారం తర్వాత తెలిసింది. 2008లోనూ ఏమీ కాలేదు. అందుకే 2012 జూన్ 30, శనివారం, మేమెవరం పట్టించుకోలేదు.

లాగ్‌లో చివరి మామూలు లైను ఇప్పటికీ గుర్తుంది: "క్లాక్: ఇన్‌సర్టింగ్ లీప్ సెకండ్ 23:59:60 యూటీసీ". ఆ తర్వాత నిమిషంలోపే అలర్ట్‌లు మొదలు. ఒకటి కాదు, పది కాదు. జావా ప్రోగ్రాములు నడిచే ప్రతి యంత్రంలో సీపీయూ నూటికి నూరు శాతం. పని మాత్రం ఏమీ జరగడం లేదు. మేం మొదట ఎవరో దాడి చేశారనుకున్నాం. ప్రోగ్రాములు ఆపి మళ్లీ నడిపాం, తగ్గలేదు. యంత్రాన్నే రీబూట్ చేస్తే తగ్గింది. కానీ వందల యంత్రాలు, అందులో కొన్ని రీబూట్ చేయాలంటే ముగ్గురి అనుమతి కావాలి, ఆదివారం పొద్దున్నే ఆ ముగ్గురూ ఫోన్ ఎత్తరు.

జరిగింది ఇదీ. లైనక్స్ కెర్నల్ (ఆ యంత్రాల ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెలాంటి భాగం) ఆ అదనపు సెకను కోసం గడియారాన్ని ఒక సెకను వెనక్కి తిప్పింది. ఆ సంగతి లోపలున్న టైమర్లకు చెప్పడం మర్చిపోయింది. టైమర్లు తాము ఒక సెకను ముందున్నట్టే ఉండిపోయాయి. "అర సెకను ఆగి లేపు" అని పడుకున్న ప్రోగ్రామును, ఆ అర సెకను ఎప్పుడో అయిపోయిందనుకుని వెంటనే లేపేసేవి. అది లేచి, పని లేదని చూసుకుని, మళ్లీ పడుకునేది. మళ్లీ లేపేసేవి. సెకనుకు వేల సార్లు ఇదే తంతు. పాపం ఆ యంత్రాలకు నిద్ర కూడా పట్టలేదు.

మందు తెలిశాక నవ్వాలో ఏడవాలో అర్థం కాలేదు. "డేట్" కమాండుతో, ఇప్పుడున్న టైమ్‌నే మళ్లీ ఇప్పటి టైమ్‌గా సెట్ చేయాలి. అంతే. ఏమీ మార్చకుండా మార్చడం. ఆ వంకతో కెర్నల్ తన టైమర్లన్నిటికీ సరైన సమయం చెప్పేది, సీపీయూ గ్రాఫు నిట్టనిలువుగా కిందికి పడిపోయేది. ఆ రోజు ప్రపంచమంతా ఎన్నో పెద్ద పెద్ద వెబ్‌సైట్లు ఇదే ఇబ్బంది పడ్డాయని సాయంత్రానికి తెలిసింది. కొంత ఓదార్పు.

2015కి మేం నెల ముందు నుంచి సిద్ధమయ్యాం. 2016కి పద్ధతే మార్చాం. గూగుల్ 2008 నుంచి వాడుతున్న ఉపాయం ఒకటి ఉంది: సెకనును ఒక్కసారిగా కలపకుండా రోజంతా పూసేయడం. 24 గంటల పాటు ప్రతి సెకనునూ 11.6 మైక్రోసెకన్లు సాగదీస్తారు. రోజు పూర్తయ్యేసరికి ఆ అదనపు సెకను కరిగిపోయి ఉంటుంది, 60 అనే అంకె ఎక్కడా కనిపించదు. బాగా పనిచేసింది. ఒక్క జాగ్రత్త: అందరూ పూయాలి, లేదా ఎవరూ పూయకూడదు. సగం యంత్రాలు పూసే సర్వర్ నుంచి, సగం పూయని సర్వర్ నుంచి టైమ్ తీసుకుంటే, రోజంతా వాటి మధ్య అర సెకను దాకా గొడవే. మేం ఒక మూల ఉన్న రెండు యంత్రాలను మర్చిపోయి ఈ పాఠం కూడా నేర్చుకున్నాం.

జీపీఎస్ అసలు ఈ గొడవే పెట్టుకోలేదు. 1980 జనవరిలో మొదలైన లెక్కే ఇప్పటికీ నడుస్తోంది, లీప్ సెకన్లు కలపదు. అందుకే జీపీఎస్ టైమ్ ఇప్పుడు యూటీసీ కంటే 18 సెకన్లు ముందుంది. ఆ 18 తీసేసి చూపించడం రిసీవర్ పని.

సెకను తీసేయాల్సి వస్తే?

భూమి ఇలాగే చురుగ్గా తిరిగితే తేడా రెండో వైపు పోగుపడుతుంది, అప్పుడు కలపడానికి బదులు తీసేయాలి. ఆ రోజు 23:59:58 తర్వాత నేరుగా 00:00:00 వస్తుంది. 59 ఉండదు. కలపడంలోనే అంత గొడవ అయింది, అదీ 27 సార్లు చేసిన పని. తీసేయడం ఒక్కసారి కూడా చేయలేదు. ప్రోగ్రాముల్లో దానికి కోడ్ రాసి ఉంది, కానీ అది నిజంగా నడిచిన రోజు లేదు. ఎప్పుడూ తెరవని అత్యవసర ద్వారం లాంటిది, తుప్పు పట్టిందో లేదో తెరిస్తేనే తెలుస్తుంది. 23:59:59కి నడవాలని పెట్టిన పనులు ఉంటాయి. రోజువారీ లెక్కలు మూసేవి చాలామంది సరిగ్గా ఆ టైమ్‌కే పెడతారు. మీరు ఆ రంగంలో ఉంటే, ఇప్పుడే వాటిని ఒక ఐదు నిమిషాలు అటో ఇటో జరపండి. లీప్ సెకను రాకపోయినా నష్టం లేదు.

మామూలు మనుషులకైతే ఏమీ కాదు. ఫోన్ నెట్‌వర్క్ నుంచి టైమ్ తీసుకుని దానంతటదే సర్దుకుంటుంది. వయసు తగ్గదు, జాతకం మారదు. "భూమి కంపనం పెరిగి రోజు 16 గంటలైపోయింది, అందుకే టైమ్ చాలడం లేదు" అని తిరిగే వాట్సాప్ మెసేజ్ శుద్ధ అబద్ధం. టైమ్ చాలకపోవడానికి ఆ మెసేజ్‌లు చదవడమే పెద్ద కారణం.

ఆ సెకను తీసే రోజు రాకముందే నియమమే మారిపోయే అవకాశం ఉంది. 2022 నవంబరులో తూనికలు కొలతల మీద నిర్ణయం తీసుకునే దేశాల సమావేశం, 0.9 సెకను అన్న ఆ హద్దును 2035 లోపు పెంచాలని తీర్మానించింది. అంటే కనీసం ఒక శతాబ్దం పాటు సెకన్లు కలపడం, తీయడం ఉండవు. తేడా పోగుపడనిస్తారు. వందేళ్లకు అది సుమారు ఒక నిమిషం కావచ్చు.

దీన్ని వ్యతిరేకించేవాళ్లు చెప్పే మాటలో న్యాయం లేకపోలేదు. సూర్యుడితో గడియారానికి ఉన్న చివరి పోగు అది, దాన్నీ తెంపేస్తున్నారు అంటారు. ఆ బాబిలోన్ లేఖకుణ్ణి తలుచుకుంటే నాకూ కొంచెం బాధగానే ఉంటుంది. కానీ ఆ పోగు ఎప్పుడో సన్నబడింది. చైనా అంత పెద్ద దేశానికి ఒకటే టైమ్, పడమటి అంచున సూర్యుడు గడియారానికి రెండు గంటలకు పైగా ఆలస్యంగా నడుస్తాడు, జనం బతుకుతున్నారు. నడిసముద్రంలో నక్షత్రాలు చూసి దారి పట్టే నావికుల కోసం పెట్టిన నియమం ఇది. సెకను తప్పితే 465 మీటర్లు తప్పుతారు కాబట్టి అప్పట్లో అవసరమే. ఇప్పుడు ఓడలోనూ జీపీఎస్సే ఉంది, అది లీప్ సెకన్లు పట్టించుకోదు. భూమి అసలు కోణం కావాల్సిన టెలిస్కోపులవాళ్లు ఆ లెక్క ఎటూ విడిగానే తీసుకుంటారు. కాబట్టి నా ఓటు ఆ నియమాన్ని తీసేయడానికే. నేను 2012 బాధితుణ్ణి, నా మాటను ఆ లెక్కలో తీసుకోండి.

అందాకా, ఏటా జనవరిలో ఒకసారి, జులైలో ఒకసారి పారిస్ నుంచి బులెటిన్ సీ అని ఒక చిన్న కాగితం విడుదలవుతుంది. పేజీ కూడా నిండదు. ఈ ఆరు నెలల చివర లీప్ సెకను ఉండదు అని 2017 నుంచి ప్రతిసారీ అదే వాక్యం, తేదీ మాత్రం మారుతుంది. అయినా రాగానే తెరిచి, ఆ "ఉండదు" అన్న మాట కళ్లతో చూశాకే మిగతా మెయిళ్లు చూస్తాను.